తలకి బాల్ తగిలితే ఆ రోజుకి ఆట ఆపాలని రూల్ పెట్టాలా, కోచ్‌కే వదిలేయాలా?

సీతమ్మధార నాన్న

మా వాడికి పదమూడేళ్ళు. విశాఖలో ఒక అకాడమీ క్రికెట్ సమ్మర్ క్యాంపులో చేర్పించాం. పోయిన ఆదివారం ఇంకో అకాడమీతో అండర్-14 మ్యాచ్ పెట్టారు. షార్ట్ బాల్ పడింది, మా వాడు పుల్ కొట్టబోయి మిస్సయ్యాడు, బాల్ వచ్చి చెవి పైన హెల్మెట్‌కి తగిలింది. ఆ చప్పుడు బౌండరీ అవతల చెట్టు కింద కూర్చున్న నాకు కూడా వినపడింది. కోచ్ లోపలికి వెళ్ళి "ఓకేనా రా?" అన్నారు. వీడు తల ఊపాడు. నీళ్ళు తాగించారు, హెల్మెట్ అటూ ఇటూ తిప్పి చూశారు, వీడు మళ్ళీ గార్డ్ తీసుకున్నాడు. తర్వాతి ఓవర్లో పార్ట్‌నర్ రన్‌కి పిలిస్తే ఎదురుగా పరిగెత్తకుండా స్క్వేర్ లెగ్ అంపైర్ వైపు రెండడుగులు వేశాడు. ఇక ఆగలేక నేనే లోపలికెళ్ళి తీసుకొచ్చేశాను.

కోచ్‌కి కోపమొచ్చింది. టీమ్‌కి పదిమందే మిగిలారు, మ్యాచ్ పోయింది. "పేరెంట్స్ ఇలా గ్రౌండులోకి దూరితే పిల్లలు ప్లేయర్లు అవ్వరు సార్" అన్నారు. డాక్టర్‌కి చూపించాం, వాడు బాగానే ఉన్నాడు. కాబట్టి ఆయన్ని తిట్టించడానికి కాదు ఈ పోస్ట్. తలకి గట్టి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆడకూడదని అన్ని క్యాంపులకీ, లోకల్ టోర్నమెంట్లకీ ఒకటే రూల్ పెట్టుకోవడానికి అడ్డేమిటి? "కోచ్ చూసుకుంటారులే" అంటే సరిపోతుందా?

గాజువాక కోచ్

సార్, నేనూ పిల్లలకి కోచింగ్ ఇచ్చేవాడినే. మీ అబ్బాయి తూలడం చూసి తీసుకొచ్చారు, అందులో తప్పేమీ లేదు. నేను ఉన్నా తీసేసేవాడిని. రూల్ అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ.

నెట్స్‌లో టాప్ ఎడ్జ్ వచ్చి ఎవరో ఒకరి గ్రిల్‌కి తగలని రోజు ఉండదు. తగిలిన ప్రతివాడినీ ఇంటికి పంపిస్తే క్యాంపు మూసుకోవాలి. ఇంకో సంగతి, షార్ట్ బాల్ భయం పట్టుకుందంటే అది ఏళ్ళ తరబడి వదలదు. తగిలిన వెంటనే లేచి తర్వాతి బాల్ ఆడినవాడికే ఆ భయం పోతుంది. ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు.

దుర్వినియోగం సంగతి కూడా చూడండి. ఇంటర్నేషనల్ మ్యాచ్‌ల్లో తలకి దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకర్ని దింపొచ్చు. 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రా టీ20లో జడేజా హెల్మెట్‌కి స్టార్క్ బాల్ తగిలింది. ఓవర్ పూర్తయ్యేదాకా బ్యాటింగ్ చేశాడు, తర్వాత అతని బదులు చాహల్ వచ్చి మూడు వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు. 2025 జనవరిలో పుణెలో శివమ్ దూబే బదులు హర్షిత్ రాణా దిగాడు, అతనికీ మూడు వికెట్లు. బ్యాటింగ్ ఆల్‌రౌండర్ పోతే ఫాస్ట్ బౌలర్ వస్తాడా అని అప్పటి ఇంగ్లండ్ కెప్టెన్ బట్లర్ గొడవ పెట్టాడు. మ్యాచ్ రెఫరీ, డాక్టర్, పాతిక కెమెరాలు ఉన్న చోటే ఇంత రచ్చ అయితే మన దగ్గర ఫైనల్ రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

లెఫ్ట్ ఆర్మ్ ఓవర్

పదో క్లాస్ దాకా నేనూ ఇలాంటి క్యాంపుల్లోనే ఆడాను. కోచ్ గారూ, "ఓకేనా రా?" అని అడిగితే ఏ పిల్లాడు కాదంటాడండీ? మూడు వారాలు బెంచ్ మీద కూర్చుంటే గానీ బ్యాటింగ్ రాదు. నాన్న చూస్తుంటాడు. అవతలి టీమ్ వాళ్ళు నవ్వుతుంటారు. "ఓకే సార్" తప్ప వాడి నోట్లోంచి ఇంకో మాట రాదు. అది అడిగినట్టూ కాదు, వాడు చెప్పినట్టూ కాదు.

నైట్ డ్యూటీ

కాజువాల్టీలో స్టాఫ్ నర్సుని. కొన్ని విషయాలు చెప్తాను, తర్వాత మీరు కొట్టుకోండి.

స్పృహ తప్పితేనే కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి సరిగ్గా పనిచేయకపోవడం) అని చాలామంది అనుకుంటారు. కానీ కంకషన్ అయినవాళ్ళలో స్పృహ తప్పేది సుమారు పదిమందిలో ఒకరే. బొప్పి కట్టకపోవచ్చు, రక్తం రాకపోవచ్చు. తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం ఇవన్నీ కొన్ని గంటల తర్వాత మొదలవచ్చు, మర్నాడు కూడా బయటపడవచ్చు. అందుకే దెబ్బ తగిలిన అయిదు నిమిషాలకి చేసే "ఓకేనా" పరీక్షకి విలువ లేదు. "మనం ఏ గ్రౌండులో ఉన్నాం, లాస్ట్ మ్యాచ్ ఎవరితో ఆడావు" లాంటి ప్రశ్నలు అడగండి, మంచిదే. వాటికి తడబడితే తీసేయాలి. గడగడా చెప్పేశాడని మళ్ళీ దింపడానికి మాత్రం అవి పనికిరావు.

హెల్మెట్ ఉంది కదా అంటారు. హెల్మెట్ కాయ పగలకుండా చూస్తుంది, లోపల నీళ్ళు ఊగకుండా ఆపలేదు. ఇంకొకటి, సీటీ స్కాన్ నార్మల్ అని రిపోర్టు రాగానే సాయంత్రం నెట్స్‌కి పంపే తల్లిదండ్రుల్ని చూశాను. ఆ స్కాన్ రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి లేవని చెప్తుంది. కంకషన్ లేదని చెప్పదు.

మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోయే ప్రమాదం ఉంది. అరుదే గానీ వస్తే ఎక్కువగా కుర్రాళ్ళకే, అదీ ప్రాణాల మీదకి. అమెరికాలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ళ పిల్లాడిని 2006లో తలకి దెబ్బ తగిలాక మళ్ళీ ఆటలోకి దింపారు, బ్రతికాడు గానీ జీవితమే మారిపోయింది. అతని పేరు మీద 2009లో వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేసింది: అనుమానం ఉంటే వెంటనే తీసేయాలి, వైద్యులు రాసిస్తేనే మళ్ళీ ఆట. 2014కల్లా అక్కడ యాభై రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చేశాయి.

మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, ఫిట్స్, ఒకటి రెండుగా కనపడటం, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం, మెడనొప్పి, మగతగా అయిపోవడం, వీటిలో ఏది కనపడినా ఇంటికి తీసుకెళ్ళొద్దు. 108కి ఫోన్ చేసి కేజీహెచ్‌కో, దగ్గరున్న పెద్దాసుపత్రికో వెళ్ళండి.

బీచ్ రోడ్డు బాబాయ్

ఫిల్ హ్యూజ్ పోయాక కూడా ఇంకా చర్చలేంటండీ! అంతటి ఇంటర్నేషనల్ ప్లేయరే పోయాడు.

నైట్ డ్యూటీ

బాబాయ్ గారూ, అది వేరే. 2014 నవంబర్‌లో సిడ్నీలో హ్యూజ్‌కి తగిలింది హెల్మెట్ కింద, మెడ పక్కన. అక్కడ రక్తనాళం చీలి మెదడు చుట్టూ రక్తం చేరింది. ఆడటం ఆపేసినా, ఏ రూల్ ఉన్నా అతను బ్రతికేవాడు కాదు. దానికి మందు నెక్ గార్డ్. రెండూ కలిపేస్తే కోచ్ గారు "ఇలాంటివి కోటికొకటి" అని తేల్చేస్తారు.

పాత పీఈటీ

హ్యూజ్ బదులు మన ఇండియాకి ఆడిన రమణ్ లాంబాని గుర్తు చేసుకోండి. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో క్లబ్ మ్యాచ్, హెల్మెట్ లేకుండా ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బ్యాట్స్‌మన్ కొట్టిన బాల్ తలకి తగిలింది. లేచి నడుచుకుంటూనే డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళాడు. ఫిబ్రవరి 23న పోయాడు. నడుస్తున్నాడు కదా, మాట్లాడుతున్నాడు కదా అనేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

ఇక హెల్మెట్ల సంగతి. మొన్న ఎంవీపీ కాలనీ వైపు మార్నింగ్ వాక్‌లో ఒక క్యాంపు చూశాను. కిట్ బ్యాగులో మూడు హెల్మెట్లు, వాటితోనే అందరూ సర్దుకోవాలి. పొట్టి గుంటడొకడు పెద్దవాడి హెల్మెట్ పెట్టుకుని తల తిప్పితే వాడి తల తిరిగింది గానీ హెల్మెట్ తిరగలేదు. చిన్ స్ట్రాప్ బటన్ ఊడిపోతే షూ లేసుతో ముడేశారు. గ్రిల్‌కీ పై అంచుకీ మధ్య సందులోంచి నా పిడికిలి పడుతుంది. బీఎస్ 7928:2013 అని హెల్మెట్ల మీద రాసి ఉంటుంది చూడండి, ఆ స్టాండర్డ్‌లో పిల్లల సైజు బాల్‌తో కూడా ఆ సందుని విడిగా పరీక్షిస్తారు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ని పక్కన పడేయమని కంపెనీలే చెప్తాయి. మనవాళ్ళు స్టిక్కర్ అంటించి మళ్ళీ బ్యాగులో వేస్తారు. రూల్ గురించి ఇంత మాట్లాడుతున్నారు, ముందు ఆ బ్యాగు తెరిచి చూడండి.

స్కోర్‌బుక్

ఏటా ఇరవై టీమ్‌లతో చిన్న టోర్నీ నడుపుతాం, పోర్టు స్టేడియం దొరికితే అక్కడ, లేకపోతే ఏ గ్రౌండు ఖాళీ ఉంటే అక్కడ.

అందరూ కోచ్ మనస్తత్వం అంటున్నారు. నాకైతే ఇది పదకొండో మనిషి సమస్య అనిపిస్తుంది. మన టోర్నీలన్నీ ఎంసీసీ లా (క్రికెట్ అసలు రూల్ పుస్తకం) ప్రకారమే నడుస్తాయి. 24వ లా ప్రకారం సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగ్ చేయొచ్చు, బ్యాటింగ్ బౌలింగ్ చేయకూడదు. అంటే పిల్లాడిని కూర్చోబెట్టిన కోచ్ ఒక వికెట్ ఉచితంగా ఇచ్చేసినట్టే. మంచి చేసినవాడికి శిక్ష వేసే రూల్ పెట్టుకుని వాళ్ళ మనసు మారాలంటే ఎలా? ఐసీసీ 2019 ఆగస్టు నుంచి పూర్తి రీప్లేస్‌మెంట్ ఇస్తోంది, ఆ నెలలోనే లార్డ్స్‌లో స్మిత్ బదులు లబుషేన్ దిగి యాభై కొట్టాడు. మనం ఎందుకు ఇవ్వకూడదు?

కోచ్ గారు చెప్పిన మోసానికి కూడా దారి ఉంది. టాస్‌కి ముందే టీమ్ షీట్‌లో పన్నెండో పేరు రాయాలి, వచ్చేది వాడే. తప్పుకున్నవాడు డాక్టర్ కాగితం తెస్తే గానీ టోర్నీలో మళ్ళీ ఆడకూడదు, తెచ్చినా ఏడు రోజుల తర్వాతే. దొంగ దెబ్బ నటించి సెమీఫైనల్‌కి తన స్టార్ బ్యాట్స్‌మన్‌ని పోగొట్టుకునే కోచ్ ఉంటే నాకు చూపించండి.

పెందుర్తి కబడ్డీ

స్కోర్‌బుక్ అన్నా, మీ లెక్క కాగితం మీద బాగుంది. మా కబడ్డీలో ఏడుగురు ఆడితే బెంచి మీద అయిదుగురు ఉంటారు. ఎవరిని తీసినా పదకొండో మనిషి గొడవే లేదు. అయినా తీయరు! రైడర్ వెనక్కి తిరుగుతుంటే చైన్ పట్టి మీద పడతారు, మోకాలు వచ్చి కణతకి కొడుతుంది, వాడు లేచి తల విదిలించి మట్టి దులుపుకుని మళ్ళీ వెళ్తాడు, జనం ఈల వేస్తారు. ఎందుకు తీయరంటే మంచి రైడర్ బదులు కూర్చున్నవాడు మంచి రైడర్ కాడు కాబట్టి. మా దగ్గర హెల్మెట్ కూడా లేదు, కాబట్టి "తగిలింది" అనడానికి చప్పుడు కూడా రాదు. మనిషి బదులు మనిషిని ఇచ్చినా తీయనివాడు తీయడు. తీసే అధికారం కోచ్ చేతిలోంచి లాక్కోవాలి.

గాజువాక కోచ్

లాక్కుని ఎవరి చేతిలో పెడతారు తమ్ముడూ? అంపైర్ అంటే డిగ్రీ చదివే కుర్రాడు, మ్యాచ్‌కి ఇంత అని ఇస్తే వస్తాడు. వాడు చెప్తే నేను వినాలా?

పాత పీఈటీ

వినాలి మాస్టారూ. అవుట్ అంటే వింటున్నారుగా.

మధురవాడ అమ్మ

మీరంతా గ్రౌండు గురించి మాట్లాడుతున్నారు. మా పాప పొద్దున్న అయిదున్నరకి ఆటోలో వెళ్ళి ఎనిమిదిన్నరకి ఆటోలో వస్తుంది. మేమిద్దరం డ్యూటీలకి పోతాం, ఇంట్లో మా అత్తగారు ఒక్కరే. నైట్ డ్యూటీ గారు చెప్పినట్టు లక్షణాలు మధ్యాహ్నం మొదలైతే ఎవరికి తెలుస్తుంది? ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెడతారు. మన ఊరి ఉక్కపోతలో తలనొప్పి, వికారం అంటే ముందు గుర్తొచ్చేది అదే కదా. నెట్స్‌లో ఫలానా టైముకి తలకి తగిలింది అని ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టమనండి చాలు. పాప చెప్పదు. చెప్తే మానిపించేస్తానని దానికి భయం.

ఫీజు కట్టేటప్పుడు మాత్రం "ఏ గాయమైనా అకాడమీకి బాధ్యత లేదు" అనే కాగితం మీద సంతకం పెట్టించుకోవడం ఎవరూ మర్చిపోరు.

సీతమ్మధార నాన్న

అమ్మా, ఆ కాగితం మేమూ పెట్టాం. సంతకం పెట్టినంత మాత్రాన నిర్లక్ష్యం చేసుకోండని హక్కు రాసిచ్చినట్టు కాదు, అది ఏ లాయర్‌ని అడిగినా చెప్తారు. మీరు చెప్పిన మెసేజ్ సంగతి నాకు తట్టలేదు. గ్రౌండు పక్కన కూర్చునే నాలాంటివాళ్ళు ఎంతమందని!

గాజువాక కోచ్

సరే, మేడమ్ అడిగింది న్యాయం. ఈరోజు నుంచే మా గ్రూపులో పెడతాను. తల, మెడ ఎక్కడ తగిలినా విడిగా ఆ పేరెంట్‌కి మెసేజ్. మ్యాచ్‌లో గట్టిగా తగిలితే ఆ రోజుకి కూర్చోబెట్టడం, అదీ ఒప్పుకుంటాను, స్కోర్‌బుక్ గారు పన్నెండో మనిషిని ఇస్తే. నెట్స్‌లో టెన్నిస్ బాల్ త్రోడౌన్ గ్రిల్‌కి రాసుకుపోయినా పంపించేయాలంటే మాత్రం ఒప్పుకోను.

ఇంకొకటి అడుగుతాను. ఎన్ని రోజులు? బ్రిటన్‌లో 2023లో పిల్లల ఆటలకి, ఊరి క్లబ్బులకి గైడ్‌లైన్స్ ఇచ్చారు. కంకషన్ అనుమానం ఉంటే 21 రోజుల లోపు మ్యాచ్ ఆడించకూడదట. మన సమ్మర్ క్యాంపే ఏడు వారాలు లేదు. 21 రోజులు పోతే పేరెంట్ సగం ఫీజు వెనక్కి అడుగుతాడు. గ్రౌండు అద్దె నాకెవరు వెనక్కిస్తారు?

నైట్ డ్యూటీ

రాసుకుపోయిన దానికి పంపమని నేనూ అనలేదు. తగిలాక పిల్లాడు మారాడా అన్నది చూడండి. నడక, చూపు, మాట, విసుగు. కాస్త మారినా కంకషన్ అనుమానమే. 21 రోజులు మీకు ఎక్కువ అనిపిస్తోంది, నాకు అనిపించట్లేదు. మొదటి రెండు రోజులు ఇంట్లో విశ్రాంతి, తర్వాత నడక, పరుగు, బాల్ లేకుండా షాడో ప్రాక్టీస్, ఇలా మెల్లగా పెంచుతూ పోతారు. లక్షణాలు తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. ఆ రోజుల్లో వాడు క్యాంపుకి రావచ్చు, స్కోరింగ్ నేర్చుకోవచ్చు. ఫీజు పూర్తిగా దండగేం కాదు.

లెఫ్ట్ ఆర్మ్ ఓవర్

స్కోరింగ్ నేర్చుకోమంటే ఏ పిల్లాడూ దెబ్బ తగిలిందని చెప్పడు మేడమ్ 😄

గాజువాక కోచ్

అదీ. నేను చెప్తున్నదీ అదే. రూల్ గట్టిగా పెడితే దాచేస్తారు.

నైట్ డ్యూటీ

ఇప్పుడు మాత్రం చెప్తున్నారా?

స్కోర్‌బుక్

ఫీజు గొడవ మీరూ మీరూ తేల్చుకోండి. మా టోర్నీ వరకు మా కమిటీ వాట్సాప్‌లో ఒప్పుకున్నారు. పన్నెండో పేరు లేని టీమ్ షీట్‌కి టాస్ వెయ్యం. తల దెబ్బ విషయంలో చివరి మాట అంపైర్‌ది, కోచ్‌తో వాదన ఉండదు. ఏడు రోజులా, 21 రోజులా అన్నది ఇంకా తేలలేదు, డాక్టర్ సభ్యుడొకరు 21 అంటున్నారు, మిగతావాళ్ళు టోర్నీయే పది రోజులైతే 21 ఏంటంటున్నారు. హెల్మెట్లు మ్యాచ్‌కి ముందు పీఈటీ మాస్టారు వచ్చి చూస్తానంటే టీ, ఉప్మా మావి.

గాజువాక కోచ్ గారూ, మీ ఎంట్రీ ఫారం ఇంకా రాలేదు. శనివారం లాస్ట్ డేట్.