కొండ ఎక్కడానికి ఏ స్టిక్ కొనాలి? సాయంత్రం నుంచీ చూస్తున్నా, తేలడం లేదు

హెబ్బాళ్ నివాసి (శుక్రవారం రాత్రి 9:50)
అందరికీ నమస్కారం. ఆఫీసు నుంచి వచ్చి ఆరింటికి ఫోన్ ముందు కూర్చున్నాను, ఇప్పుడు పది కావస్తోంది. ట్రెక్కింగ్ పోల్ ఒకటి కొనాలి. అల్యూమినియం వంగిపోతుందని ఒకరంటారు, కార్బన్ పుటుక్కున విరుగుతుందని ఇంకొకరు. లోపల స్ప్రింగ్ ఉన్నదే మంచిదని ఒక వీడియో, స్ప్రింగ్ అస్సలు వద్దని మరో వీడియో. ఐదారు వందల నుంచి వేలల్లో ఉన్నాయి ధరలు. ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరాలి, రేపు సాయంత్రంలోగా కొనెయ్యాలి. ఇప్పటికే ఒకటి కొని డబ్బులు పోగొట్టుకున్నాను. దయచేసి ఒక్క మాటలో చెప్పండి, ఏది కొనాలి?

కొండగాలి
ఏ కొండ? ఎత్తెంత?

హెబ్బాళ్ నివాసి
మన బెంగళూరు చుట్టుపక్కలదే అండీ. ఎత్తు మామూలే.

కొండగాలి
మామూలు అనేది కొలత కాదు. సెంటీమీటర్లలో చెప్పండి. కొండ పేరు కూడా.

మదనపల్లె మాస్టారు
బాబూ, ఇంత డబ్బు పోసి కొనడం దేనికి? మా తాతగారి పొన్నుకర్ర ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కణుపులు దగ్గరదగ్గరగా ఉన్న గట్టి వెదురు, అడుగున ఇనుప పొన్ను. నిప్పు సెగకు కాచి సాపు చేసిన కర్ర అది. చేతికి చెమట పట్టినా జారదు. విరిగితే పొలం గట్టున ఇంకొకటి నరుక్కోవచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కొత్త కర్రల చివర టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉంటుంది, చాలా గట్టి పదార్థం. సావనదుర్గం లాంటి చోట బండ మీద నాచు, శిలావల్కలం (రాతికి అంటుకుని పెరిగే లైకెన్) ఏళ్ల తరబడి పెరిగి ఉంటుంది. వంద మంది ఆ మొనలతో టకటకా పొడుచుకుంటూ పోతే దారి పొడవునా తెల్లటి గీతలు పడతాయి. ఆ గీతలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రాతి మీద నడిచేవాళ్లు మొనకు రబ్బరు తొడుగు వేసుకోవాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

వీకెండ్ నడక
రబ్బరు తొడుగు మాట నిజమే మాస్టారూ, కానీ అన్ని చోట్లా కాదు. పొడి గ్రానైట్ మీద రబ్బరు బాగా పట్టుకుంటుంది. బురదలో, తడి మట్టిలో మొనే దిగబడి నిలుస్తుంది. వానాకాలం కుమార పర్వతానికి రబ్బరు తొడుగుతో వెళ్లి దిగేటప్పుడు రెండుసార్లు జారాను. ఇక వెదురు కర్ర పొడవు మార్చలేం కదా. ఎక్కేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించుకోవాలి, దిగేటప్పుడు అంతే పెంచుకోవాలి. పోల్ కొనేదే అందుకు.

మదనపల్లె మాస్టారు
పట్టుకునే చోటు మార్చుకుంటే సరిపోతుంది. ఎక్కేటప్పుడు కింద పట్టుకో, దిగేటప్పుడు పైన పట్టుకో. మా తాత చేసింది అదే.

కార్బన్ అభిమాని
అన్నా, కళ్లు మూసుకుని కార్బన్ తీసుకోండి. జత మొత్తం నాలుగు వందల గ్రాములు ఉంటుంది. రోజంతా చేతులు ఊపుతూ నడిస్తే ఆ తేడా భుజాలకు తెలుస్తుంది.

వీకెండ్ నడక
రాళ్ల సందులో ఇరుక్కుని పక్కకు ఒత్తిడి పడితే కార్బన్ విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది, వంగినా ఎలాగోలా కిందికి చేరుస్తుంది. మన వైపు కొండలన్నీ రాళ్లే.

కార్బన్ అభిమాని
నాలుగేళ్లుగా వాడుతున్నాను. కుద్రేముఖ్, తడియాండమోల్ రెండూ తిరిగాను. ఒక్క గీత పడలేదు.

విజయనగర అక్క
తమ్ముడూ, అల్యూమినియం, కార్బన్ గొడవ కాసేపు పక్కన పెట్టండి. ఇప్పటికే ఒకటి కొని డబ్బులు పోయాయన్నారు కదా, దానికేమైంది? అది చెబితేనే కొత్తది ఏది కొనాలో చెప్పగలం.

హెబ్బాళ్ నివాసి
అక్కా, పోయిన నెల నంది కొండ మెట్ల దారిలో దిగుతుంటే కర్ర లోపలికి దిగబడిపోయింది. బరువు వేయగానే సర్రున జానెడు పొట్టిదైపోయింది. అమ్మ ముందుకు తూలింది. నేను ఒక మెట్టు కింద ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను. అప్పటి నుంచి ఆ కర్ర అంటేనే టెన్షన్.

కొండగాలి
కర్ర అమ్మగారికా?

హెబ్బాళ్ నివాసి
అవునండీ. చెప్పలేదా?

కొండగాలి
లేదు.

హెబ్బాళ్ నివాసి
క్షమించండి, చెప్పాననుకున్నాను. అమ్మకు 63. ఎత్తు 150 సెంటీమీటర్లు ఉంటుంది. కుడి మోకాలు నొప్పి. డాక్టరు నడవమనే చెప్పారు, మెట్లెక్కేటప్పుడు ఊతం పెట్టుకోమన్నారు. ఆదివారం శివగంగె. ఒళకల్ తీర్థంలో చెయ్యి పెట్టి నీళ్లు అందుకోవాలని అమ్మకు ఎప్పటి నుంచో కోరిక.

విజయనగర అక్క
ఇదంతా ముందే చెబితే ఎంత బాగుండేది! సరే, నెమ్మదిగా చదవండి.

మీ పాత కర్రను మెలితిప్పి బిగిస్తారు కదూ? దాని ముక్కలు విడదీయండి. లోపలి గొట్టం చివర చిన్న ప్లాస్టిక్ బిరడా లాంటిది, మధ్యలో మర ఉంటాయి. తిప్పినప్పుడు ఆ ప్లాస్టిక్ ఉబ్బి బయటి గొట్టాన్ని అదుముకుంటుంది. అక్కడ దుమ్మో తేమో చేరితే పట్టు పోతుంది. నా పాతది విప్పినప్పుడు బిరడా చుట్టూ బూడిదరంగు పొడి మెత్తగా అంటుకుని ఉంది, వేలికి నల్లగా వచ్చింది. పొడి గుడ్డతో తుడిచాక బాగానే పట్టింది. పొరపాటున కూడా నూనె వేయకండి. అయినా అమ్మగారికి మళ్లీ అది ఇవ్వకండి, మీ మనసుకే ధైర్యం ఉండదు.

బయట క్లిప్పు ఉండి బొటనవేలితో నొక్కితే పట్టుకునేది తీసుకోండి. బిగిసిందో లేదో కంటికి కనిపిస్తుంది. లూజైతే పక్కనున్న స్క్రూ కొంచెం తిప్పితే సరిపోతుంది. షాపులోనే క్లిప్పు వేసి, మీ ఒంటి బరువంతా రెండు చేతులతో దాని మీద వేసి నొక్కండి. ఒక్క సెంటీమీటరు దిగినా పక్కన పెట్టేయండి.

పొడవు: అమ్మగారు బూట్లతో నిటారుగా నిలబడి కర్ర పట్టుకుంటే మోచెయ్యి 90 డిగ్రీల్లో ఉండాలి. 150 ఎత్తుకు దాదాపు 100 సెంటీమీటర్లు వస్తుంది. పాతది ఎంతకు పెట్టారు?

హెబ్బాళ్ నివాసి
కర్ర మీద 120 దగ్గర ఉంది. నేను చూసుకుని అలాగే ఇచ్చాను.

విజయనగర అక్క
అది మీ కొలత. ఆవిడ చెయ్యి భుజం దాకా లేచి ఉంటుంది, పాపం. మడతపెట్టే కర్రల్లో కొన్ని 110కి తగ్గవు, అవి వద్దు. మూడు ముక్కలది తీసుకుని 100కి వస్తుందో లేదో చూసుకోండి. గొట్టం మీద గరిష్ఠ గీత ఉంటుంది, దాన్ని దాటి బయటికి లాగకూడదు.

కొండగాలి
ఏ చేత్తో పట్టుకున్నారు?

హెబ్బాళ్ నివాసి
కుడి చేత్తో. నొప్పి అటే కదా.

కొండగాలి
ఎడమ చెయ్యి.

వీకెండ్ నడక
కొంచెం వివరంగా చెబుతాను. నడిచేటప్పుడు కుడి కాలితో పాటు ఎడమ చెయ్యే ముందుకు వస్తుంది. కర్ర ఎడమ చేతిలో ఉంటే కుడి కాలు పడే క్షణంలోనే కర్ర కూడా పడి బరువు పంచుకుంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. రేపు ఇంటి మెట్ల మీద పదిసార్లు చేయించండి. మామూలుగా కొండకు జత కర్రలు మంచివంటాను కానీ, శివగంగెలో నిటారుగా ఉన్న చోట కడ్డీలున్నాయి. ఒక చెయ్యి కడ్డీకి, ఒక చెయ్యి కర్రకు. ఒకటే చాలు.

విజయనగర అక్క
మెట్ల మీద మణికట్టుకు పట్టీ తగిలించుకోవద్దనండి. పడితే చెయ్యి అందులో ఇరుక్కుంటుంది. రాతి మెట్లు అరిగి నున్నగా ఉంటాయి కాబట్టి మొనకు రబ్బరు తొడుగు (బుష్) తప్పనిసరి. కర్రతో పాటు వచ్చింది వదులుగా ఉంటే సర్జికల్ షాపుకు కర్ర పట్టుకెళ్లి సరిపోయేది వేయించండి. చేతిలో తినేవి ఏవీ ఉంచుకోవద్దు, కోతులు లాక్కుంటాయి. ఆ లాగుడుకు మనిషి తూలుతారు.

కార్బన్ అభిమాని
అయితే శివగంగె మెట్లకు కార్బన్ అక్కర్లేదులెండి. అల్యూమినియం చాలు.

భాషాప్రియ
చిన్న విన్నపం. అందరూ పోల్, స్టిక్ అంటున్నారు. మనకు ఊతకర్ర అనే చక్కటి మాట ఉంది కదా?

వీకెండ్ నడక
ఊతకర్ర అంటే కాలు బాగాలేనివాళ్లు వాడేది అనుకుంటారండీ. షాపులో ఆ మాట అంటే నాలుగు కాళ్ల స్టాండు చూపిస్తారు.

మదనపల్లె మాస్టారు
పొన్ను ఉంది కాబట్టి పొన్నుకర్ర. అంతకంటే సరైన మాట లేదు.

భాషాప్రియ
పొన్ను లోహపుది కదా మాస్టారూ, రబ్బరు వేశాక కూడా పొన్నుకర్రేనా?

మదనపల్లె మాస్టారు
రబ్బరు కింద పొన్ను అలాగే ఉంది కదమ్మా.

హెబ్బాళ్ నివాసి (శనివారం రాత్రి 8:15)
తీసుకున్నాను. క్లిప్పుది, అల్యూమినియం, 100కి పెట్టాను. అమ్మ హాల్లో రెండు రౌండ్లు తిరిగి ఎడమ చెయ్యి అలవాటు కావట్లేదంటోంది. మూడున్నరకు లేవాలి. థాంక్స్ అండీ అందరికీ.

కొత్త సభ్యుడు
ఇదే కర్ర కుమార పర్వతానికి పనికొస్తుందా? వచ్చే నెల వెళ్తున్నాం.

కొండగాలి
ఎత్తెంత?