శాంట్రో జింగ్ టైమింగ్ బెల్టు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

శాంట్రో_12 అడిగిన ప్రశ్న

2012 శాంట్రో జింగ్, 1.1 పెట్రోలు. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీసు పుస్తకంలో బెల్టు మార్చినట్టు ఎక్కడా లేదు. పై కవరు కాస్త తెరిచి చూస్తే బెల్టుకి పగుళ్లేమీ కనిపించలేదు. బ్రేకులు, క్లచ్ కేబుల్ లాంటి పనులు నేనే చేసుకుంటాను. ఇంపాక్ట్ గన్ లేదు. మూడు సందేహాలు: పగుళ్లు లేవు కాబట్టి ఇంకా నడపొచ్చా? కింది క్రాంక్ (పిస్టన్లతో తిరిగే ఇరుసు) పుల్లీ బోల్టు ఎలా ఊడదీయాలి? వాటర్ పంపు కూడా మార్చాలా?

రింగుపానా

పగుళ్లు లేకపోవడాన్ని నమ్మకండి. ఈ రబ్బరు పైకి నున్నగానే ఉంటుంది. లోపలి దారాలు అలసిపోయి ఉంటాయి, లేదా పళ్ల మొదలు దగ్గర చీలిక మొదలవుతుంది. తెగితే, క్రాంక్ నుంచి ఈ బెల్టు తిప్పే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఆగిపోతుంది, పిస్టన్లు పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వులకు తగులుతాయి. అప్పుడు హెడ్డు (ఇంజన్‌లో వాల్వులుండే పై భాగం) దింపాల్సిందే. మీ బండికి ఏళ్లే ఎక్కువయ్యాయి, కిలోమీటర్లు చూసి ఆగకండి.

బ్యాటరీ నెగటివ్ తీసి, డ్రైవరు వైపు ముందు చక్రం విప్పి, బండిని స్టాండు మీద నిలపండి. జాకీ ఒక్కదాని మీద కిందికి దూరొద్దు. క్రాంక్ బోల్టుని బెల్టులు విప్పకముందే వదులు చెయ్యాలి. బండి ఐదో గేరులో వేసి, ఇంకొకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే, పానా పొడుగు పిడికి పైపు తొడిగి లాగితే వస్తుంది. స్టార్టరుతో తిప్పి ఊడదీసే చిట్కా వీడియోల్లో చూసుంటారు, పానా ఎగిరి చెయ్యి విరుగుతుంది, దాని జోలికి వెళ్లకండి.

తర్వాత గేరు న్యూట్రల్‌కి తెచ్చి స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ చేత్తో సులువుగా తిరుగుతుంది. పుల్లీ వైపు నుంచి చూస్తూ గడియారం దిశలోనే తిప్పండి. క్యామ్ పుల్లీ మీది గుండ్రటి రంధ్రం లోంచి దాని వెనక ఉన్న క్యామ్ బేరింగు క్యాప్ మీది ఎర్ర గుర్తు కనిపించాలి. అదే సమయంలో క్రాంక్ పళ్లచక్రం గుర్తు ముందు కేసు మీది గుర్తుతో కలవాలి. రెండూ కలిశాకే బెల్టు విప్పాలి. ఇంజన్ అడుగున నూనె ఉండే ఆయిల్ చాంబరు కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఇంజన్ ఆనించాకే, ఇంజన్‌ని పట్టి ఉంచే ఆ పక్క మౌంటు విప్పండి. చెక్క లేకపోతే చాంబరు సొట్టపోతుంది.

టెన్షనర్ (బెల్టుని బిగువుగా ఉంచే చక్రం) బోల్టులు వదులు చేసి, దాన్ని వాటర్ పంపు వైపు తోసి తాత్కాలికంగా బిగిస్తే బెల్టు చేతికొచ్చేస్తుంది. ఆ తర్వాత క్యామ్‌ని గానీ క్రాంక్‌ని గానీ విడిగా తిప్పకండి. పాత బెల్టు పళ్లు, కొత్తదాని పళ్లు లెక్కపెట్టుకోండి. షాపువాడు వేరే ఇంజన్ బెల్టు ఇచ్చిన సందర్భాలు తక్కువేం కాదు.

పది_పన్నెండు

పైన అంతా సరే గానీ, చాలామంది తప్పు చేసేది బిగించేటప్పుడు అన్నా. కొత్త బెల్టు ముందు క్రాంకుకి, తర్వాత టెన్షనర్ లేని వైపు బిగువుగా ఉంచుతూ క్యామ్‌కి ఎక్కించాలి, చివర టెన్షనర్ వైపు. అప్పుడు టెన్షనర్ బోల్టులు రెండూ వదులు చేస్తే స్ప్రింగే బెల్టుని లాగుతుంది. చేత్తో నొక్కొద్దు, స్క్రూడ్రైవర్‌తో అసలే వద్దు. క్రాంక్‌ని గడియారం దిశలో ఒక చుట్టు తిప్పి గుర్తుకి తేవాలి. బిగించే వరుస ముఖ్యం: ముందు పొడుగు గాడి ఉన్న వైపు బోల్టు, తర్వాతే టెన్షనర్ ఇరుసు వైపు బోల్టు. తిరగేస్తే ఇరుసు బోల్టుతో పాటు టెన్షనర్ కూడా తిరిగి బెల్టు అతిగా బిగుస్తుంది. కొత్త బెల్టు ‘వీ...’ అని ఏడుస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే. ఈ బోల్టులకి బిగింపు (టార్క్) 20–27 న్యూటన్ మీటర్లు, క్రాంక్ బోల్టుకి 140–150. క్రాంక్ బోల్టుని అంచనాగా బిగిస్తే పుల్లీ కదిలి, కొన్ని వేల కిలోమీటర్లలో, దాన్ని క్రాంక్‌కి పట్టి ఉంచే చిన్న కీ కూర్చునే గాడిని తినేస్తుంది. అప్పుడు బెల్టు కొత్తదైనా టైమింగ్ పోతుంది.

బిగువు చూడాలంటే టెన్షనర్‌నీ ఎదురు వైపు బెల్టునీ సుమారు 5 కిలోల బలంతో దగ్గరికి నొక్కు. బెల్టు పంటి అంచు టెన్షనర్ బోల్టు తల మధ్య నుంచి, ఆ తల వ్యాసార్ధంలో సగం దూరంలో ఆగాలి.

చెమ్మ_సీలు

వాటర్ పంపు ఈ ఇంజన్‌లో బయటి బెల్టుతో తిరుగుతుంది, టైమింగ్ బెల్టుతో కాదు. కాబట్టి తప్పనిసరి కాదు. కానీ పంపు మీద తెల్లటి మరక ఉన్నా, ఇరుసు ఊగుతున్నా ఇప్పుడే మార్చేయండి, ఇందాకా విప్పిన శ్రమ మళ్లీ పడక్కర్లేదు. టెన్షనర్ మాత్రం బెల్టుతో పాటు కొత్తదే. వేలితో తిప్పితే గరగరమనే బేరింగు కొత్త బెల్టుని కూడా తినేస్తుంది. క్యామ్ సీలు, క్రాంక్ సీలు చుట్టూ జిడ్డుంటే అవీ మార్చండి, నూనె తగిలిన రబ్బరు ఉబ్బుతుంది. పాత బయటి బెల్టులు కూడా ఎలాగూ విప్పుతారు కాబట్టి కొత్తవి వేసేయండి. క్రాంక్ పళ్లచక్రం దగ్గరి రేకు చక్రం ఏ ముఖం బయటికి ఉందో విప్పే ముందే ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే బెల్టు అంచు రాసుకుంటుంది.

శాంట్రో_12

బెల్టు ఎక్కించాను. క్రాంక్ గుర్తు సరిగ్గా కలిసింది గానీ క్యామ్ రంధ్రంలో ఎర్ర గుర్తు సగమే కనిపిస్తోంది. అర పన్ను తేడా ఉందా?

రింగుపానా

అర పన్ను తేడా పళ్లవల్ల రాదు, వస్తే మొత్తం పన్నే. ముందు ఫోను కెమెరాని రంధ్రానికి నేరుగా పెట్టి చూడండి, పై నుంచి వంగి చూస్తే గుర్తు పక్కకి జరిగినట్టే కనిపిస్తుంది. అప్పటికీ సగమే కనిపిస్తే టెన్షనర్ లేని వైపు బెల్టుకి వదులు మిగిలిపోయిందన్నమాట. చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. తిరిగేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయకండి, వాల్వు పిస్టన్‌కి ఆనింది. రెండు చుట్ల తర్వాత కూడా తేడా అలాగే ఉంటే, బెల్టు విప్పి క్యామ్‌ని ఒక పన్ను జరిపి మళ్లీ ఎక్కించండి. ఈ లోపు బండి స్టార్ట్ చేసే తాళం తిప్పొద్దు.