12 టైర్ల లారీ లీజుకి తీసుకోవచ్చా, జీతానికే ఉండాలా? (చెన్నై)

ప్రశ్న:
మాధవరం – విజయవాడ లైను. కంపెనీలో జీతం 22,000, రోజుకి బత్తా 500, పీఎఫ్ ఉంది. ఒక ఓనరు 12 టైర్ల బీఎస్-6 బండి నెలకి 70,000 లీజుకి ఇస్తానంటున్నాడు, అడ్వాన్సు లక్షన్నర. డీజిల్, టోలు, టైర్లు, రిపేర్లు మనవే, కిరాయి మొత్తం మనకే. అన్నలూ, గిట్టుబాటవుతుందా?

జవాబు 1:
పోనూ రానూ 900 కి.మీ. లీటరుకి 4 కి.మీ. మైలేజీ వస్తే 225 లీటర్ల డీజిల్, లీటరు 93 అనుకుంటే 20,925. టైర్లని చాలామంది లెక్కలో వేయరు, మునిగేది అక్కడే. టైరు 24,000 అనుకుంటే 12కి 2,88,000. అవి 80,000 కి.మీ. వస్తే ట్రిప్పుకి 3,240. ఇక లీజు: నెలకి 8 ట్రిప్పులు పడితే ట్రిప్పుకి 8,750, 5 పడితే 14,000. టోలు, తిండి, సర్వీసు వేయకముందే 8 ట్రిప్పులైతే ట్రిప్పుకి 32,915, 5 అయితే 38,165. బండి అదే, రోడ్డూ అదే.

గోడౌను దగ్గర రెండు రోజులు అన్‌లోడింగ్‌కి ఆపితే కంపెనీ డ్రైవరుకి బత్తా నడుస్తుంది. లీజువాడికి రోజుకి 2,333 పోతూనే ఉంటుంది.

జవాబు 2:
కాగితాల సంగతి కూడా చూడు తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం లీజు ఒప్పందం మీద బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఓనరు. యాక్సిడెంటు కేసు నీ మెడకి చుట్టుకోవచ్చు. పాలసీలో 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా కవరు మాత్రం ఆర్సీలో పేరున్నవాడికే, నీకు విడిగా కావాలి. ఓవర్‌లోడు దొరికితే జరిమానా 20,000, పైన ఎక్కువైన టన్నుకి 2,000. అది ఎవరు కట్టాలో రాయించుకో. 8 ఏళ్ళ లోపు బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రెండేళ్ళకోసారి. లీజు మధ్యలో పడితే పెయింటు, వైరింగు ఖర్చు ఎవరిది? పాత చలానాలు ఎమ్‌పరివాహన్ యాప్‌లో కనిపిస్తాయి.

జవాబు 3:
పొద్దున్నే వెళ్ళు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. స్టార్ట్ చేయించి ఆయిల్ మూత తియ్యి. పొగ బుసబుసా వస్తే పిస్టన్ రింగులు అయిపోయినట్టే. సైలెన్సరు దగ్గర యూరియా ఇంజెక్టర్ (బీఎస్-6 బండిలో పొగ శుభ్రమయ్యేందుకు యూరియా నీళ్ళు చిమ్మేది) చుట్టూ ఉప్పులాంటి తెల్లటి గడ్డ ఉంటే అది లీకైనా కావాలి, నాసిరకం యూరియా అయినా పోసుండాలి. అలాంటి బండికి లోడు మీద పవరు కట్టవుతుంది. 12 టైర్ల సీరియల్ నంబర్లూ ఫోటో తీసుకో, తిరిగిచ్చేటప్పుడు గొడవొచ్చేది వాటి మీదే.

ప్రశ్న అడిగినవారు:
రిటర్న్ లోడు తనే ఇప్పిస్తానంటున్నాడు ఓనరు.

జవాబు 1:
అయితే నెలకి ఎన్ని లోడులో అంకె వేయించు. తగ్గితే లోడుకి ఇంత చొప్పున లీజులో కోసేలా బాండు పేపరు మీద రాయమను. ఇంజను, గేరుబాక్సు పెద్దపని వస్తే అతనిదే అని ఇంకో లైను. రాయనంటే కంపెనీ జీతమే మేలు.