ఒకే స్పెల్లింగ్‌తో ఇన్ని భాషల్లో మాటలు, ఇవన్నీ చుట్టాలేనా?

కొత్తకలం:
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా బుర్ర తొలిచేస్తున్న డౌట్ ఇది. ఇంగ్లీష్ లెటర్స్‌లో పి, ఏ, ఎన్, ఐ అని కొడితే మనకి పని, హిందీలో నీళ్ళు, తమిళంలో మంచు, మలయాళంలో జ్వరం, పోలిష్‌లో మేడమ్, ఫిన్నిష్‌లో పెట్టాడు లేదా పెట్టింది. ఎప్పుడో ఒకే మాట ఉండి అది దేశాలు పట్టి తిరుగుతూ అర్థం మార్చుకుందా, లేక ఊరికే అలా కలిశాయా? కొన్ని వీడియోల్లో అయితే ఇలా కలిసిన ఏ రెండు మాటలు దొరికినా చాలు, మన భాషే అన్నిటికీ మూలం అనేస్తున్నారు. నమ్మాలో వద్దో ఎలా తేల్చుకోవాలి?

పాతనిఘంటువు:
ముందు ఆ నాలుగు లెటర్లు పక్కన పెట్టండి, సగం తంటా వాటితోనే. ఇంగ్లీష్ లిపిలో టైప్ చేసేటప్పుడు మనం దీర్ఘం చూపించం, న-ణ తేడా చూపించం. తమిళంలో మంచు అంటే పని, మనం చేసే పని అంటే పణి. మలయాళంలోనూ అంతే, జ్వరం పని, చేసేది పణి. తెలుగులో ఆ పాత ణ పోయి న అయింది, కన్ను చూడండి, తమిళంలో అది కణ్. అంటే మన పనికి చుట్టం తమిళ పణి, మంచు కాదు. మంచుకీ మలయాళ జ్వరానికీ మాత్రం చుట్టరికం ఉంది, రెండిట్లోనూ వణికించేది చలే కదా. హిందీ పానీ సంస్కృతం పానీయం నుంచి వచ్చింది, తాగేది అని. పోలిష్‌లో పాన్ అంటే దొర, దానికి స్త్రీలింగం పానీ. ఫిన్నిష్‌ది పన్న అనే క్రియకి భూతకాలం. హిందీ, పోలిష్ ఒకే పెద్ద కుటుంబంలోవి, అయినా ఈ రెండు మాటలకి ఏ సంబంధం లేదు.

నడిరేయి:
పైన చెప్పింది కరెక్ట్. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఆస్ట్రేలియాలోని మ్బబరం భాష. 1960లలో డిక్సన్ అనే భాషావేత్త ఆ భాష రికార్డ్ చేస్తుంటే కుక్కని ఏమంటారు అన్నదానికి వచ్చిన జవాబు డాగ్! ఇంగ్లీష్ నుంచి తీసుకున్నారేమో అనిపిస్తుంది కానీ కాదు, పక్క భాష యిదిఞ్‌లో కుక్క గుదగ, మ్బబరంలో మాటల మొదట్లోని అక్షరం రాలిపోవడం మామూలే, అలా అరిగి అరిగి అక్కడికి చేరింది. ఇంకోవైపు ఏమాత్రం పోలిక లేని సంస్కృతం చక్రం, ఇంగ్లీష్ వీల్ రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. అందుకే ఒక్క జంట చూసి ఏదీ తేల్చకూడదు, వరస కుదరాలి. పాదం-ఫుట్, పితృ-ఫాదర్, పంచ-ఫైవ్, సంస్కృతంలో ప ఉన్నచోటల్లా ఇంగ్లీష్‌లో ఫ వస్తోంది చూశారా, చుట్టరికం అంటే అలా పట్టుబడాలి. ఆ వీడియోల వాళ్ళు ఇలాంటి వరస ఒక్కటైనా చూపిస్తున్నారా అన్నది చూడండి.

అక్షరాలబండి:
వేరే దేశాల దాకా ఎందుకండీ, మన "అన్న" చూడండి. తోడబుట్టిన అన్న కన్నడంలో అణ్ణ, తమిళంలో అణ్ణన్, అంటే ఇందాకటి ణ కథే. "ఆయన అన్న మాట"లో అన్న, అను అనే క్రియ నుంచి, తమిళంలో దాని జోడీ ఎన్. అన్నదానంలో అన్న సంస్కృతం, తినడం అనే అర్థమున్న అద్ ధాతువు నుంచి, ఇంగ్లీష్ ఈట్ కూడా ఆ వేరుదే. మూడు మూలాలు వచ్చి ఒకే స్పెల్లింగ్‌లో కూర్చున్నాయి, అయినా వాక్యంలో ఎవరికీ తికమక రాదు. నాకైతే ఇదే అన్నిటికంటే ఆశ్చర్యం.

కొత్తకలం:
అబ్బా, సూపర్‌గా చెప్పారు అందరూ, థాంక్యూ. మరి గ్రీకులో నీళ్ళని నెరో అంటారట కదా, మన నీరుకి అర్థం కూడా కలుస్తోంది, ఇదైనా చుట్టమేనా?

పాతనిఘంటువు:
కాదండీ. పాత గ్రీకులో నీళ్ళకి మాట హ్యుదోర్, హైడ్రోజన్‌లో ఉన్నది అదే. తాజా నీళ్ళు అనడానికి ముందు ఒక విశేషణం తగిలించేవాళ్ళు, పోనుపోను నీళ్ళనే మాట జారిపోయి ఆ తాజా ఒక్కటే మిగిలింది, అదే నెరో. మన నీరు తమిళం, కన్నడం, మలయాళం అన్నిట్లో ఉన్న ద్రావిడ మాట. సంస్కృతంలోని నీరం కూడా ఇటునుంచే వెళ్ళిందని చాలామంది పండితులు అంటారు.

నడిరేయి:
ఇంకోటి, అమ్మ, పాప, మామ లాంటివి ఈ లెక్కలోకి అసలు తేవద్దు. పసిపిల్లల నోటికి ముందు పలికేవి మ, ప, ద లాంటి శబ్దాలే, వాటికి ఒక్కో భాషవాళ్ళు ఒక్కో అర్థం ఇచ్చుకున్నారు. జార్జియన్‌లో మామ అంటే నాన్న, దేద అంటే అమ్మ.