మొగ్గ తొడగని నాచు మ్యూటెంట్లను ఎలా క్రాస్ చేయాలి?

ప్రశ్న: నా దగ్గర ఫిస్కోమిట్రెల్లా అనే నాచు మ్యూటెంట్లు (జన్యువు దెబ్బతిన్న రకాలు) రెండున్నాయి. రెంటికీ మొగ్గలు రావు, మొగ్గ నుంచి వచ్చే ఆకుకొమ్మ మీదే లైంగికావయవాలుంటాయి కాబట్టి క్రాసింగ్ (సంకరం) కుదరదు. రెంటిలో దెబ్బతిన్నది ఒకే జన్యువా, వేర్వేరా? ఎలా తేల్చాలండీ?

నాచుమేడ: ప్రోటోప్లాస్ట్ ఫ్యూజన్, అంటే గోడ తీసేసిన కణాలను కలిపేయడం, చేయండి, నాకు ప్రాణం ఈ పద్ధతి! 1977లోనే గ్రిమ్స్‌లీ, ఆష్టన్, కోవ్ ఇదే నాచులో, విటమిన్ ఇస్తేనే పెరిగే మ్యూటెంట్లను ఇలా కలిపారు. డ్రైసెలేజ్ అనే ఎంజైమ్ మిశ్రమంతో కణగోడ కరిగించండి. ద్రావణంలో మానిటాల్ (చక్కెర లాంటి పదార్థం) మాత్రం మరవకండి, లేకుంటే గోడలేని కణాలు నీరు పీల్చి పగిలిపోతాయి. తర్వాత కణాలు ఒకదానితో ఒకటి కలవడానికి పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్), కాల్షియం వేయండి. నాచు హాప్లాయిడ్ (ప్రతి జన్యువుకూ ఒకే ప్రతి) కదా, కలిసినది డిప్లాయిడ్ (రెండు ప్రతులు). దానికి మొగ్గలొస్తే, ఒకదాని లోటును రెండోదాని మంచి జన్యువు తీర్చినట్టే, కాబట్టి జన్యువులు వేరు. రాకపోతే బహుశా ఒకటే. డామినెంట్ మ్యుటేషనేమో (మంచి ప్రతి పక్కనున్నా లోపం బయటపడేదేమో) చూడ్డానికి, ఒక్కోదాన్నీ మామూలు నాచుతోనూ కలపండి.

ప్రశ్న: కలిసినవాటిని ఏరడం?

నాచుమేడ: రెంటికీ వేర్వేరు యాంటీబయాటిక్ నిరోధకత ఉంటే, రెండు మందులూ కలిపిన మీడియంలో హైబ్రిడ్లే మిగులుతాయి.

పులిసినపిండి: ఈస్ట్‌లోనూ ఇంతే. ఒకే మేటింగ్ టైపువి (ఈస్ట్‌లో లింగం లాంటిది) జతకట్టవు, మేం కణగోడ కరిగించే జైమోలియేజ్ ఎంజైమ్ వాడి కలుపుతాం. గోడ మళ్లీ కట్టుకోవాలంటే సార్బిటాల్ (మానిటాల్ లాంటిదే) వేసిన అగర్‌లో పొదగాలి.