సెల్లార్‌లో మోడల్ రైలు లేఅవుట్: గోడకు బిగించాలా, విప్పుకునేలా కట్టాలా?

కీమన్ కొడుకు (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. మా ఇంటి స్థలం ఏటవాలుగా ఉండటంతో కట్టినప్పుడే కింద ఒక సెల్లార్ వచ్చింది. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కింద షాబాద్ బండలు, రెండు వైపులా రాతి గోడలు, వీధి వైపు ఒక చిన్న కిటికీ. ఇన్నేళ్లు పాత మంచాలు, వడ్ల డ్రమ్ములు పెట్టుకున్నాం. పోయిన నెల అంతా ఖాళీ చేసి సున్నం వేయించాను.

అందులో హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు సైజులో 87వ వంతుగా, మీటర్ గేజ్ (రెండు పట్టాల మధ్య మీటరు దూరం) రోజుల నాటి మా స్టేషన్ కట్టాలని నా కోరిక. మా బాపు జడ్చర్ల వైపు సెక్షన్‌లో కీమన్. పొద్దున్నే భుజాన సుత్తి, చేతిలో జెండాలు పట్టుకుని పట్టాల వెంట నడిచేవాడు. పోత ఇనుప స్లీపర్లలో పట్టాను బిగించి పట్టే కీ వదులైతే, సుత్తితో కొట్టినప్పుడు మొద్దుగా మోగుతుందని, బిగిసిన కీ గణగణమంటుందని నాకు చిన్నప్పుడే చెప్పాడు. ఆ సుత్తి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. జడ్చర్ల దాకా ఉన్న దూరాన్ని 87వ వంతు చేసినా 170 మీటర్లు దాటుతుంది కాబట్టి అంతా కుదరదు. స్టేషన్, కేబిన్, రెక్క సిగ్నళ్లు, ఒక వంతెన చాలు.

గోడలో ఇనుప బ్రాకెట్లు దించి, మూడు గోడల వెంట ఒకే ఫ్రేమ్ కట్టాలనుకుంటున్నాను. ఎత్తు 48 అంగుళాలు, వెడల్పు 30 అంగుళాలు. వడ్రంగి సరే అన్నాడు. ఇంతకుముందు కట్టినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

బీబీనగర్ లైను (నల్లగొండ)

తమ్ముడూ, కట్టు. కానీ గోడకు మాత్రం బిగించకు. అందులోనూ సెల్లార్ గోడకు అసలే వద్దు.

మన దగ్గర నాలుగడుగులు తవ్వితే బండ తగులుతుంది. వాన నీళ్లు ఆ బండలోకి ఇంకవు, దాని మీదుగా పక్కకు పారి ఎక్కడ గోడ అడ్డం వస్తే అక్కడ ఊరతాయి. సున్నం వేసినంత మాత్రాన గోడ ఆరినట్టు కాదు. ఒక పని చెయ్యి. రెండడుగుల ప్లాస్టిక్ షీటును గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించు. రెండు రోజులయ్యాక చూడు. షీటు లోపలి వైపు, అంటే గోడ వైపు చుక్కలుంటే నీరు గోడలోంచే వస్తోంది. గది వైపు చుక్కలుంటే అది గాలిలో తేమ. ఈ రెండింటికీ మందు వేరు.

రెండో సంగతి. నెమ్ము ఒక్కటే కాదు, మే నెలకీ ఆగస్టుకీ మధ్య ఉండే తేడా అసలు శత్రువు. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. పట్టా లోహం కాబట్టి తేమకు మారదు. నువ్వు వానల్లో పట్టాలను సందు లేకుండా బిగిస్తే ఎండాకాలంలో కింద చెక్క దగ్గరైపోయి పట్టా పాములా వంకర తిరుగుతుంది. పట్టాలు ఏప్రిల్, మే నెలల్లో వెయ్యి. ఫ్రేమ్ కట్టేముందే ప్రతి చెక్కకూ ఆరు వైపులా వార్నిష్ కొట్టు. కోసిన అంచులు మరిచిపోవద్దు, నీళ్లు తాగేది అక్కడే.

రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు బోర్డులుగా చేసి బోల్టులతో కలుపు. కాళ్లు విడిగా పెట్టు. గోడకీ బోర్డుకీ మధ్య నాలుగు వేళ్ల సందు వదులు.

సిగ్నల్ పడింది (జడ్చర్ల)

ఎలుకల సంగతి చూడన్నా. మా ఇంట్లో వైర్లన్నీ కొరికేశాయి.

పట్టా కొలత (మిర్యాలగూడ)

నాదొకటే ప్రశ్న. మీటర్ గేజ్ అంటున్నారు, హెచ్‌ఓ అంటున్నారు. ఏ పట్టా కొంటున్నారు?

కీమన్ కొడుకు

@పట్టా కొలత: మామూలు హెచ్‌ఓ పట్టానే, 16.5 మిల్లీమీటర్లది. మనకు దొరికేది అదే కదా.

@బీబీనగర్ లైను: అన్నా, మీరు చెప్పినవి రాసుకున్నాను. కానీ 48 అంగుళాల ఎత్తుకు నీళ్లు ఎట్లా వస్తాయి? మా సెల్లార్‌లో నేను పుట్టినప్పటి నుంచి నీళ్లు నిలవలేదు. ముక్కలుగా కడితే ప్రతి అతుకు దగ్గరా పట్టా కోయాలి, వైరు కోయాలి. అమెరికాలో అందరూ బేస్‌మెంట్‌లోనే, గోడకు ఆనించే కడుతున్నారు. వీడియోలు చూశాను.

పట్టా కొలత

అయితే అది మీటర్ గేజ్ కాదు. 16.5ను 87తో గుణించండి, 1435 వస్తుంది. అది యూరప్, అమెరికా వాళ్ల స్టాండర్డ్ గేజ్. మీటరును 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. దానికి 12 మిల్లీమీటర్ల పట్టా వేరే ఉంది, స్విట్జర్లాండ్ కొండ రైళ్ల మోడళ్లు నడిచేది దాని మీదే. మన బ్రాడ్ గేజ్ 1676కు కూడా 16.5 సరిపోదు, 19 మిల్లీమీటర్లు దాటాలి. అంటే మీరు వేసే పట్టా బ్రాడ్ గేజూ కాదు, మీటర్ గేజూ కాదు.

బీబీనగర్ లైను

అమెరికా బేస్‌మెంట్‌తో మన సెల్లార్‌ను పోల్చకు తమ్ముడూ. అక్కడ చలికాలంలో నేల గడ్డ కడుతుంది. పునాది ఆ లోతు దాటి వెళ్లాలి కాబట్టి ఎట్లాగూ తవ్విన గుంతను గదిగా మార్చుకున్నారు. ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పెడతారు, తేమ తీసే మెషిన్ నడుపుతారు. మనకు స్థలం వాలుగా ఉండి వచ్చిన గది ఇది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద మోడల్ రైల్వే, 2001లో హాంబర్గ్‌లో తెరిచినది, పాత గోడౌన్ పై అంతస్తుల్లో ఉంది. రైలుకు నేలమాళిగే కావాలని ఎక్కడా లేదు.

అతుకుల గురించి. అతుకు దగ్గర పట్టా కోయడం కష్టం కాదు. రెండు వైపులా ఇత్తడి స్క్రూ దించి, పట్టాను దాని తలకు సోల్డర్ చేసి, ఆ తర్వాత సన్న రంపంతో కోస్తే వెంట్రుకవాసి కదలదు. వైర్లకు ప్లగ్గు పెడితే సరి. ప్రతి మూడడుగుల పట్టాకూ కింద నుంచి విడి వైరు ఎట్లాగూ వేయాల్సిందే.

కీమన్ కొడుకు

@పట్టా కొలత: 12 మిల్లీమీటర్ల పాయింట్లు, అంటే పట్టా రెండుగా చీలే ముక్కలు, బయటి దేశం నుంచి తెప్పించాలి. ఒక్కో పాయింట్‌కు నేను పెట్టగలిగినంత లేదు. చూసేవాళ్లకు స్టేషన్ కనబడాలి, బాపు నడిచిన దారి కనబడాలి.

ఆ వంతెన గురించి ఒక మాట. 1956 సెప్టెంబరు 2 రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు వాగులో పడింది. వందమందికి పైగా పోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడు వైపు అరియలూరు దగ్గర రైలు ప్రమాదం అయ్యాక ఇచ్చింది ఒప్పుకున్నారు. బాపు చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగంలో చేరాడు. అయినా వాన పడితే రాత్రిపూట ఇంట్లో కూర్చునేవాడు కాదు, లాంతరు పట్టుకుని వంతెన దాకా పోయేవాడు. అక్కడ లాంతరుతో ఒక మనిషి బొమ్మ నిలబెట్టాలి. 87వ వంతులో మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు.

పట్టా కొలత

మీ బాపు గురించి గౌరవంగానే అంటున్నాను. ఆయన పని ఏమిటి? పట్టా ఉండాల్సినట్టు ఉందా లేదా చూడటం. గేజ్ హద్దు దాటి వెడల్పైతే బండి పట్టా దిగిపోతుందని ఆయనకు మనకన్నా బాగా తెలుసు. ఆయన పేరు మీద కట్టేదానికి నలభై శాతం ఎక్కువ వెడల్పు పట్టా వేస్తారా? పట్టా చేతితో వేసుకోండి. చెక్క పుల్లలు, పట్టా, సోల్డర్, ఒక కొలత ముక్క ఉంటే చాలు, ఏదీ తెప్పించనక్కర్లేదు. నేను మూడు పాయింట్లు అట్లాగే చేశాను.

టోకెన్ బాల్ (నల్లగొండ)

ఆ రోజుల్లో అది సింగిల్ లైను కాబట్టి స్టేషన్ మాస్టర్ గదిలో నీల్స్ బాల్ టోకెన్ మెషిన్ (లైను మీదికి పోవడానికి డ్రైవర్‌కు అనుమతిగా ఇచ్చే గుండు వచ్చేది అందులోంచే) మరిచిపోకండి. ఎర్రగా ఉంటుంది.

బీబీనగర్ లైను

గేజ్ తర్వాత చూసుకోవచ్చు. తమ్ముడూ, నేను అడిగినదానికి జవాబు రాలేదు. విప్పుకునేలా కట్టడానికి నీకున్న అభ్యంతరం ఏంటి? అతుకులైతే దారి చెప్పాను. ఖర్చులో పెద్ద తేడా లేదు.

కీమన్ కొడుకు

గట్టిగా ఉండాలి. అంతే.

బీబీనగర్ లైను

ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

కీమన్ కొడుకు

దానికీ లేఅవుట్‌కీ ఏం సంబంధం? ప్లైవుడ్ గురించి అడిగితే పట్టాదారు పేరు అడుగుతున్నారు.

బీబీనగర్ లైను

సంబంధం ఉంది కాబట్టే అడిగాను.

మా పాత ఇంట్లో మేడ మీది గదిలో నేను ఎనిమిదేళ్లు కట్టాను. బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా కృష్ణ దాటేదాకా. విష్ణుపురం సిమెంటు వ్యాగన్లు ఒక్కొక్కటీ చేతితో చేసినవి. గోడలో పన్నెండు బ్రాకెట్లు దించాను, గట్టిగా ఉండాలనే. నాయన పోయాక భాగాలు పంచుకున్నాం. ఆ గది అన్న వాటాకు పోయింది. వారంలో ఖాళీ చెయ్యమన్నారు. ఒకే ఫ్రేమ్ కదా, తలుపులోంచి రాదు. ఒక ఆదివారం పొద్దున వడ్రంగిని తీసుకొచ్చి రంపంతో కోయించాను. మధ్యాహ్నం అన్నానికి ముందే అయిపోయింది. పట్టా మీద రంపం పడ్డప్పటి చప్పుడు నాకింకా వినబడుతుంది. కృష్ణ మీది వంతెన ఉన్న మూడడుగుల ముక్క ఒక్కటి మిగిలింది. బీరువా మీద ఉంది.

నేను తేమ గురించి చెప్పినవన్నీ నిజాలే. కానీ నా టెన్షన్ తేమ గురించి కాదు.

కీమన్ కొడుకు

మీకు జరిగినదానికి బాధగా ఉంది. కానీ మీ ఇంటి గొడవ తెచ్చి నా గోడకు అంటించకండి. అందరి అన్నదమ్ములూ ఒక్కతీరు ఉండరు. మూడు రోజులుగా సలహా అని చెప్పి నన్ను భయపెడుతున్నారు.

సిగ్నల్ పడింది

అన్నా, ఇద్దరూ కొంచెం ఆగండి.

పట్టా కొలత

గేజ్ విషయం తేలలేదు. విప్పుకునేలా కట్టినా, గోడకు కట్టినా, పట్టా తప్పైతే తప్పే.

కీమన్ కొడుకు

రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

బాపు పోయి రెండేళ్లయింది. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. డబుల్ లైను పడ్డాక ఇటు రేట్లు పెరిగాయి, అమ్మేద్దాం అని ప్రతి పండక్కీ అంటున్నాడు. నేను ఏమీ అనలేదు. సెల్లార్ ఖాళీ చేశాను, సున్నం వేయించాను. బాపు స్టేషన్ గోడలోకి దిగిపోయి ఉంటే, దాన్ని చూశాక వాడికి అమ్ముదామనే మాట నోట రాదని అనుకున్నాను. అందుకే బోల్టులు వద్దన్నాను. విప్పుకునేలా కడితే, విప్పుకుని పో అంటాడు కదా.

బీబీనగర్ లైను

నేనూ అన్న గురించి అదే అనుకున్నాను తమ్ముడూ. అంత పని చూసి ఆ గది నాకే వదిలేస్తాడని. నోరు తెరిచి ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఇచ్చేవాడేమో తెలియదు. బ్రాకెట్లే అడుగుతాయనుకున్నాను.

గేటు దగ్గర ఇల్లు (వనపర్తి రోడ్)

నేను ఎక్కువగా చదివి ఊరుకుంటాను, ఇప్పుడు రాయాలనిపించింది. మీ తమ్ముడు కూడా కీమన్ కొడుకే కదా అన్నా. ఆ లాంతరు వెలుగు ఆయన కూడా చూసి ఉంటాడు. సెల్లార్ ఖాళీ చేస్తున్నట్టు ఆయనకు చెప్పారా?

కీమన్ కొడుకు

చెప్పలేదు అక్కా.

బీబీనగర్ లైను

ముందు వంతెన ఉన్న బోర్డు ఒక్కటి కట్టు. మిగతాది తర్వాత. ఒక్క బోర్డైతే సెల్లార్‌లో ఉండొచ్చు, హైదరాబాద్ పోయే కారు వెనక సీట్లోనూ పడుతుంది.

పట్టా కొలత

ఒక్క బోర్డే అయితే నాలుగడుగుల 12 మిల్లీమీటర్ల పట్టా నేను చేసి పంపిస్తాను. పాయింట్ లేదు కదా, రెండు ఆదివారాల పని. డబ్బులు వద్దు. గేజ్ సరిగ్గా ఉండాలి, అంతే.

కీమన్ కొడుకు

ప్లాస్టిక్ షీటు మొన్న అంటించాను. ఇవాళ తీసి చూస్తే గోడ వైపు చుక్కలున్నాయి, కింది భాగంలో ఎక్కువగా. తమ్ముడికి సాయంత్రం ఫోన్ చేస్తాను. వంతెన ఫొటో ఏదైనా వాడి దగ్గర ఉందేమో ముందు అది అడుగుతాను.

@పట్టా కొలత: మీకు మెసేజ్ పెట్టాను సార్.

బీబీనగర్ లైను

మీ సెల్లార్ తలుపు వెడల్పు ఎంత?

కీమన్ కొడుకు

టేపు పెట్టి చూశాను. 28 అంగుళాలు.

బీబీనగర్ లైను

అయితే 24 దాటనివ్వకు. మెట్ల మలుపు దగ్గర పొడవు కూడా కొలువు.