గుండెనొప్పి మాత్రలు: రెండో మాత్ర మధ్యాహ్నమా, రాత్రా?

కర్నూలు_వాసి:
మా నాన్నగారికి 67 ఏళ్లు. యాంజియోగ్రాం చేసిన తర్వాత, ప్రస్తుతానికి స్టెంటు అవసరం లేదు, మందులతోనే చూద్దామని డాక్టరుగారు చెప్పారు. రోజుకు రెండుసార్లు ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 20 మిల్లీగ్రాములు, నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాములు రాశారు. మాత్ర వేసుకున్న గంటకల్లా తల పగిలిపోతున్నదని, మందే మానేస్తానని నాన్నగారు పట్టుబడుతున్నారు. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లు ఎక్కేముందే నాలుక కింద మాత్ర పెట్టుకోవచ్చునా? మాత్రలను ఎక్కడ భద్రపరచాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

అనంత_చెల్లెలు:
అన్నా, అన్నిటికంటే ముందు ఆయనను కూర్చోబెట్టి మాత్ర వేయించండి. మా అమ్మ పెరట్లో కొళాయి దగ్గర బిందె నింపుతూ, గుండె పట్టేసినట్టుందని నిలబడే మాత్ర నాలుక కింద పెట్టుకున్నది. నొప్పి తగ్గుతున్నదని చెబుతూనే కళ్లు తిరిగి, కడప బండ గడప మీద నుదురు కొట్టుకుని పడిపోయింది. ఐదు కుట్లు పడ్డాయి. ఈ మందు రక్తనాళాలను వదులు చేస్తుంది కనుక, నిలబడి ఉన్నవారికి రక్తం కాళ్లలోకి దిగి బీపీ ఒక్కసారిగా పడిపోతుందని కుట్లు వేసిన డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. ఇప్పుడు అమ్మ కూర్చున్న తర్వాతే మాత్ర డబ్బా మూత తీస్తుంది.

కడప_ఫార్మసిస్టు:
నేను 34 ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి రెండు మాత్రలూ నైట్రేట్ అనే రకం మందులే. నా చేతిమీదుగా వెళ్లినన్ని నైట్రేట్ చీటీలు ఇక్కడ మరెవరి చేతిమీదుగానూ వెళ్లి ఉండవు. తలనొప్పి చాలామందికి కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అంతవరకు డాక్టరును అడిగి పారాసిటమాల్ ఇవ్వండి. అంతేకాని మందును హఠాత్తుగా మానితే గుండెనొప్పి తిరగబెట్టవచ్చు. నేను అడగదలచిన ప్రశ్న వేరే ఉంది. ఆ రెండో మాత్రను ఎన్ని గంటలకు వేస్తున్నారు? ఉదయం 8 గంటలకు మొదటిది వేస్తే, 7 గంటల ఎడంతో రెండోది మధ్యాహ్నం 3 గంటలకు పడాలి. రాత్రికి వేస్తే రోజంతా మందు ఒంట్లోనే ఉండి, శరీరం దానికి అలవాటుపడిపోతుంది, ఆపైన మాత్ర వేసినా పని చేయదు. అందుకే రోజులో 10 నుంచి 14 గంటలు మందు లేని విరామం ఉండాలి.

ప్రొద్దుటూరు_బిడ్డ:
మీరు ఫార్మసిస్టే కాని డాక్టరు కాదు కదా! మా నాన్నకు ఇదే మాత్రను రెండేళ్లుగా ఉదయం, రాత్రి ఇస్తున్నాము. మాత్ర లేకుండా రాత్రంతా ఉంటే నిద్రలో నొప్పి వచ్చినప్పుడు ఆయనకు దిక్కెవరు? తల్లిదండ్రులను కంటికి రెప్పలా చూసుకుంటున్న మమ్మల్ని, మందు వేయడం తెలియనివాళ్లమన్నట్టు మాట్లాడటం మీ వయసుకు తగదు.

కడప_ఫార్మసిస్టు:
అమ్మా, నేను మిమ్మల్ని తప్పుపట్టలేదు. రాత్రి నొప్పి వచ్చేవారి సంగతి డాక్టరుకు చెబితే, విరామాన్ని పగటికి మార్చడమో, ఆ వేళకు వేరే రకం మందు కలపడమో చేస్తారు. విరామం మాత్రం ఉండి తీరాలి. ఈ అలవాటుపడటం నేను కల్పించిన మాట కాదు. నాలుక కింద పెట్టుకునే మాత్రల్లో ఒకటైన నైట్రోగ్లిసరిన్, డైనమైట్‌లో వాడిన పదార్థమే. ఆ కర్మాగారాల్లో పనిచేసినవారికి సెలవు గడిపి వచ్చిన సోమవారం నాడు తలనొప్పి పట్టుకుని, వారం సాగేకొద్దీ తగ్గిపోయేది. ఒంటికి అలవాటైపోవడమే దానికి కారణం.

బేతంచెర్ల_బండ:
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మా నాయన బండల గనిలో జిలెటిన్ తూటాలు కూరే పని చేసేవాడు. పండగకు నాలుగు రోజులు ఇంట్లో ఉండి మళ్లీ పనికి వెళ్లిన మొదటి రోజు, తలకు తువ్వాలు బిగించి కట్టుకుని ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. మా అమ్మ ఎండదెబ్బ అనుకుని ఉల్లిపాయ రసం పూసేది. అదే పదార్థం గుండెకు మందని నాకు ఈ చర్చతోనే తెలిసింది.

తాడిపత్రి_66:
పాతకాలపు సంగతులు తర్వాత చెప్పుకుందాము. నేను ఒక మాట చెప్పాలి, మగవాళ్లందరూ చదవండి. ఈ మందులు వాడుతున్నవారు పడకగది మాత్రలు, అంటే సిల్డెనాఫిల్, టడలాఫిల్ రకాలు, ముట్టుకోకూడదు. నేను సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా వేసుకున్నాను. తెల్లవారి ఛాతీలో నొప్పి వస్తే ఇంటిది సార్బిట్రేట్ అందించింది. పది నిమిషాల్లో ఒళ్లంతా చెమటలు పట్టి స్పృహ తప్పింది. కాజువాలిటీలో డాక్టరు అందరినీ బయటికి పంపి అడిగాడు కనుక బతికి బయటపడ్డాను.

కాజువాలిటీ_నర్సు:
అన్నా, మీరు బయటపెట్టి మంచి పని చేశారు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల దాకా, టడలాఫిల్ అయితే 48 గంటల దాకా ఏ నైట్రేటూ పడకూడదు. ఆ లోపల ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద ఏమీ పెట్టకుండా 108కు ఫోన్ చేసి, వేసుకున్న మాత్ర పేరు దాచకుండా చెప్పాలి. టడలాఫిల్‌ను ప్రోస్టేటు ఇబ్బందికి కూడా రాస్తారు, అది అదే మందని చాలామందికి తెలియదు. బలానికని అమ్మే కొన్ని పొడుల్లో ఈ మందులను రహస్యంగా కలపడం కూడా బయటపడింది.

అనంత_చెల్లెలు:
వాట్సాప్‌లో వచ్చిన సందేశం చూసి, పక్కింటాయనకు ఛాతీ నొప్పి వస్తే మా అమ్మ మాత్రే ఇచ్చాము. అది తప్పా?

కాజువాలిటీ_నర్సు:
తప్పే, తల్లీ. గుండెపోటులో గుండె కుడిభాగం దెబ్బతిన్నవారికి, బీపీ ముందే పడిపోయినవారికి ఈ మాత్ర ప్రాణం మీదికి తెస్తుంది. మాత్రతో నొప్పి తగ్గింది కనుక గుండెనొప్పేనని చెప్పడానికీ లేదు, అన్నవాహిక పట్టేసిన నొప్పి కూడా దీనితో తగ్గుతుంది. డాక్టరు రాసి ఇచ్చినవారికే వేయండి. వారికైనా ఒక మాత్ర వేసిన 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే వెంటనే 108 పిలవాలి. బండి వచ్చేలోపల 5 నిమిషాలకు ఒకటి చొప్పున మొత్తం మూడింటికి మించకూడదు.

ప్రొద్దుటూరు_బిడ్డ:
ఫార్మసిస్టు గారూ, నిన్నటి మాటలకు క్షమించండి. రాత్రి పాత చీటీ వెతికి తీశాను. డాక్టరు రాసింది 1-1-0, అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఏమీ లేదు. మందుల షాపు అబ్బాయి కవరు మీద రాసింది 1-0-1. రెండేళ్లుగా మేము కవరు చూసే వేస్తున్నాము. ఈ మధ్య మాత్ర పనిచేయడం లేదని నాన్న అంటే, వయసు మీద పడిందని సర్దిచెప్పాను. చీటీ పట్టుకుని ఇవాళే డాక్టరు దగ్గరికి వెళుతున్నాము. చీటీని చూసి కవరు మీద సరిగ్గా రాయలేని షాపులను ఏమనాలి?

కడప_ఫార్మసిస్టు:
ఆ పొరపాటు నేను ఎన్నోసార్లు దిద్దాను. రోజుకు రెండు అనగానే చెయ్యి అలవాటుగా 1-0-1 రాసేస్తుంది. షాపులో మరో పని కూడా చేస్తారు. పది మాత్రల స్ట్రిప్పు కత్తిరించి నాలుగు ఇచ్చినప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. సార్బిట్రేట్‌ను పూర్తి స్ట్రిప్పుగా కొని, రేకు చింపకుండా ఉంచండి. సీసాలో వచ్చే నైట్రోగ్లిసరిన్ మాత్రలను ఆ గాజు సీసాలోనే మూత బిగించి పెట్టాలి, ప్లాస్టిక్ డబ్బాలోకి మారిస్తే మందు ఆవిరైపోతుంది. మన ఎండలకు స్కూటరు డిక్కీలో మాత్రం ఏదీ పెట్టవద్దు.

కర్నూలు_వాసి:
అందరికీ కృతజ్ఞతలు. మెట్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కాజువాలిటీ_నర్సు:
మెట్లు ఎక్కడానికి ఐదు పది నిమిషాల ముందు కూర్చుని పెట్టుకునే పద్ధతి ఉంది, అయితే మీ డాక్టరు సరేనన్న తర్వాతే. ఇదివరకటి కంటే తక్కువ మెట్లకే నొప్పి వస్తున్నా, ఊరికే కూర్చున్నప్పుడు వస్తున్నా, ముందు మాత్ర వేసి నెట్టుకురాకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కర్నూలు_వాసి:
ఇప్పుడే వంటింటి అలమరలోని కవరు తీసి చూశాను. మాది కూడా 1-0-1 అనే ఉంది, చీటీలో మాత్రం 1-1-0. డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఈ రాత్రి మాత్ర ఆపి, రేపటి నుంచి మధ్యాహ్నం 3 గంటలకు వేయమన్నారు. మెట్లకు ముందు ఒక సార్బిట్రేట్ పెట్టుకోవడానికీ ఒప్పుకున్నారు. రెండో అంతస్తు మలుపులో వేయడానికి కింది వాటావారు ఒక కుర్చీ ఇచ్చారు.